ఒకే మాటకు స్నేహితుల ఫొటోలు: వాట్సాప్ గ్రూపా, ఆల్బమా?

స్నేహితులంతా ‘ఎదురుచూపు’ లాంటి ఒక మాట అనుకుని, దానికి తగ్గ ఫొటోలు తీస్తారు. వాటిని ఎప్పటికప్పుడు వాట్సాప్ గ్రూపులో పెట్టేయాలా, లేక ఒకరి దగ్గర పోగుచేసి గూగుల్ ఫొటోస్ ఆల్బమ్‌గా ఒకేసారి తెరవాలా?

గ్రూపులో సందడి ఎక్కువ. ఫొటో పడగానే మాటలు మొదలవుతాయి, బద్ధకించినవాళ్లకూ ఊపొస్తుంది. కానీ మొదటి ఫొటో మిగతావాళ్ల ఊహను లాగేసుకుంటుంది. ఎవరో ఖాళీ బస్టాప్ పెడితే, తర్వాత వచ్చేవన్నీ రోడ్లూ రైలు పట్టాలే. గుమ్మం దగ్గర విడిచిన ఒక్క జత చెప్పులు తీద్దామనుకున్న మనిషి వెనక్కి తగ్గుతాడు. నిజానికి మనం చూడాలనుకున్నది ఆ చెప్పులనే!

పైగా వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. 2023లో హెచ్‌డీ ఆప్షన్ వచ్చినా కుదింపు పూర్తిగా పోలేదు. మసక వెలుతురులో తీసినవి బాగా దెబ్బతింటాయి. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే వెళ్తుంది.

నా ఓటు ఆల్బమ్‌కే. ఒకరి ఫొటో ఇంకొకరు చూడకుండా తీస్తే, ఒకే మాట ఎవరికెలా తోచిందో పక్కపక్కన కనిపిస్తుంది. ఎవరి ఆలోచన వారిదిగా మిగలడం నాకు చాలా ముఖ్యం. కబుర్లకు గ్రూపు ఎలాగూ ఉంది.

ఒక జాగ్రత్త: లింక్ షేరింగ్ ఆన్‌లో ఉంటే, ఆ లింక్ చేరిన ఎవరైనా ఆల్బమ్ చూడగలరు. అందులో స్నేహితుల పిల్లల ముఖాలుంటే ముందే అడగండి.