మూడేళ్లు నడిపాక నా చేపల పడవ కిట్ గురించి

1:20 కొలతలో, అంటే అసలు పడవలో ఇరవయ్యో వంతు సైజులో ఉన్న ఈ రేడియో నియంత్రణ చేపల పడవ నమూనాను కట్టి మూడేళ్లు దాటింది. అచ్చుపోసిన ప్లాస్టిక్ డొప్ప (పడవ ఒళ్లు), లేజర్‌తో కోసిన ప్లైవుడ్ ముక్కలు, ఇత్తడి ప్రొపెల్లర్, చుక్కాని పెట్టెలోనే వచ్చాయి. మోటారు, బ్యాటరీ, రిమోట్ మనం సమకూర్చుకోవాలి. డొప్పకు వంక పెట్టలేను. సూచనల పుస్తకం మాత్రం ఉన్నా లేనట్టే.

అసలు తంటా షాఫ్టుతో, అంటే మోటారు నుంచి ప్రొపెల్లర్‌ను తిప్పే కడ్డీతో వచ్చింది. మోటారూ షాఫ్టూ ఒకే గీతలో లేకపోతే పడవ కుట్టుమిషన్‌లా మోత పెడుతుంది, బ్యాటరీని తాగేస్తుంది. కిట్‌లోని మోటారు పీట రెండు మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువని ఎపాక్సీ జిగురు గట్టిపడ్డాక గాని నాకు తెలియలేదు. ఊడబెరికి, పీటను అరగదీసి, ఈసారి మోటారునూ షాఫ్టునూ ఒక బిగుతైన గొట్టంతో కలిపి ఉంచి అతికించాను. జిగురు ఆరాక గొట్టం తీసేసి, ఆ రెండింటినీ కలిపే కీలు బిగిస్తే మోత ఆగిపోయింది. షాఫ్టు గొట్టంలో గ్రీజు కూరడం ఒక్కసారి మరిచాను; అరగంటలో పడవ అడుగున నీళ్లు! రిమోట్ సంకేతాలను అందుకునే రిసీవర్‌ను అప్పుడే క్యాబిన్ పైకప్పు కిందికి మార్చాను. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలు నీటిలో సాగవు కాబట్టి యాంటెన్నా ఎత్తున ఉండటమే మేలు.

ఇక అలంకారాలు. ఇత్తడి స్తంభం, వల లాగే చక్రం, దీపాలు, దోమతెర ముక్కకు గోధుమ రంగు పూసి చేసిన వల, అన్నీ ఎక్కించి తొట్టిలో దింపితే పడవ ఒక పక్కకు ఒరిగిపోయింది. ఈ కొలతలో పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఇరవయ్యో వంతే కాబట్టి బరువు 8000వ వంతుకు తగ్గాలి. అంటే 40 టన్నుల పడవ నమూనా 5 కిలోలే తూగాలి. పైన పెట్టే ప్రతి గ్రామూ పడవ ఒరగకుండా అడుగున వేయాల్సిన సీసం వాటాను తినేస్తుంది. మనసు చంపుకొని ఇత్తడి స్తంభం తీసి సన్నని కర్ర పెట్టాను. సీసం ముక్కలను ముందు వదులుగా పేర్చి, నీటి గీత (పడవ మునగాల్సిన మట్టం) సరిపోయాకే అతికించాను.

జోరు మోటారు దండగ. 10 నాట్ల (గంటకు దాదాపు 18.5 కిలోమీటర్ల) వేగంతో వెళ్లే అసలు పడవ ఈ కొలతలో మనిషి నడకంత వేగంతో వెళ్తేనే నిజంలా కనిపిస్తుంది.

కిట్‌పై నాకున్న పెద్ద ఫిర్యాదు చుక్కాని సర్వో, అంటే చుక్కానిని తిప్పే చిన్న మోటారు గురించి. దాన్ని డెక్కు (పడవ పైతలం) కింద మూసేయమంటారు. రెండో ఏడు అది చెడిపోతే డెక్కు కోయాల్సి వచ్చింది. కొత్తగా కట్టేవాళ్లు అక్కడ ముందే ఒక మూత పెట్టుకోండి. నేను కోసిన చోట ఇప్పుడు చేపల పెట్టెలు పేర్చి ఉన్నాయి.