అన్ని దేశాలకూ ఒకే ఎస్‌డీఎస్సా, దేశానికొకటా: ఎక్స్‌పోర్ట్ చేసే ప్లాంటుకు ఏది మేలు?

విశాఖ దగ్గరి పరవాడ, అచ్యుతాపురం రసాయన ప్లాంట్లలో కొత్త ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ వచ్చిందంటే రెగ్యులేటరీ వాళ్లకు తప్పని తలనొప్పి ఇది. అమెరికా, యూరప్, మన ఫ్యాక్టరీల శాఖ అడిగేవన్నీ కలిపి ఒకే సేఫ్టీ డేటా షీట్ (ఎస్‌డీఎస్, అంటే రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే పత్రం) చేద్దామా, ఎవరిది వాళ్లకు రాద్దామా?

ఒకే షీట్ అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. 16 సెక్షన్ల వరస రసాయనాల ప్రమాదాలను వర్గీకరించే ఐక్యరాజ్యసమితి పద్ధతి జీహెచ్‌ఎస్‌ది, ఇటు అమెరికాలోనూ అటు యూరప్‌లోనూ అదే. ఒక్క ఫైలు, ఒక్క రివిజన్ నంబరుతో పనైపోతుంది. కానీ పైన హెడ్డింగులు కలిసినా లోపలి అంకెలు కలవవు.

టోలీన్ అనే ద్రావకం షీట్‌లో సెక్షన్ 8 తీయండి, పనిచేసేచోట గాలిలో అది ఎంతవరకు ఉండొచ్చో చెప్పేది అదే. ఎనిమిది గంటల సగటుకు అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పరిమితి 200 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 200 పాళ్లు). 2025 వరకు అమల్లో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్‌లో రాసింది 100. యూరప్ సూచించేది 50. మూడూ ఒకే గడిలో పెట్టి ఇస్తే, డ్రమ్ము మూత తీసే మనిషి దేన్ని పట్టుకోవాలి?

డీఎంఎస్‌ఓ అనే ఇంకో ద్రావకానిది ఇంకో చిక్కు. ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే ఉష్ణోగ్రత, 87 డిగ్రీల ప్రాంతం. 60 నుంచి 93 డిగ్రీల మధ్య ఉన్నవాటిని అమెరికా కేటగిరీ 4 మండే ద్రవాలుగా లెక్కేస్తుంది. యూరప్ ఆ కేటగిరీనే తీసుకోలేదు. కాబట్టి అమెరికా షీట్‌లో ప్రమాదాలు చెప్పే సెక్షన్ 2లో హెచ్చరిక ఉండాల్సిందే, యూరప్ షీట్‌లో ఆ మాటే ఉండదు. రెండూ కలిపి రాస్తే ఎవరో ఒకరికి తప్పు కాగితం వెళ్లినట్టే. పైగా మన 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాల్లో సేఫ్టీ డేటా షీట్ నమూనా ఇచ్చే 9వ షెడ్యూల్ జీహెచ్‌ఎస్ కంటే పాతది, దాని వరసే వేరు.

అందుకే నా ఓటు విడి షీట్లకే. అయితే వాటిని విడివిడిగా టైపు చేసుకుంటూ పోతే అంతకంటే ప్రమాదం. ఒకదాంట్లో దిద్దింది మిగతావాటిలో మర్చిపోతారు. హానికి సంబంధించి కొత్త సంగతి తెలిస్తే ఓషా ప్రకారం మూడు నెలల్లో షీట్‌లో చేర్చాలి. యూరప్‌లోనైతే గత 12 నెలల్లో సరుకు తీసుకున్న అందరికీ కొత్త షీట్ పంపాలి, అదీ ఆయా దేశాల అధికార భాషల్లో. కెనడాకు ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండూ కావాలి.

చేయాల్సింది ఇదీ: ఒక్కో రసాయనానికి ఒక మూల ఫైలు. భౌతిక గుణాలు, ప్రథమ చికిత్స, నిల్వ, రియాక్టివిటీ అందులో ఒక్కసారే రాయాలి. దేశాన్ని బట్టి మారే సెక్షన్లు, ముఖ్యంగా 1 (ఉత్పత్తి, సరఫరాదారు వివరాలు), 2, 8, 15 (చట్టపరమైన సమాచారం) మాత్రం విడిగా పెట్టుకుని ఆర్డర్‌ను బట్టి జోడించాలి. పది ఇరవై ఉత్పత్తులకు ఎక్సెల్ చాలు. మిశ్రమాలు ఎక్కువైతేనే సాఫ్ట్‌వేర్ కొనండి.

ఇలా మిగిలిన సమయమంతా 4 (ప్రథమ చికిత్స), 7 (వాడకం, నిల్వ), 10 (స్థిరత్వం, రియాక్టివిటీ) సెక్షన్ల మీద పెట్టాలి. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి 12 మందిని బలితీసుకుంది. ట్యాంకులో వేడి పెరగనివ్వకూడదని, స్టైరీన్ దానంతట అది గట్టిపడకుండా కలిపే టీబీసీ ఇన్హిబిటర్ తగ్గితే పాలిమరైజేషన్ (అణువులు గొలుసుల్లా కలిసిపోయి వేడి పుట్టించే చర్య) అదుపు తప్పుతుందని చెప్పేవి 7, 10 సెక్షన్లే. ఆ జాగ్రత్తలు ఏ దేశం షీట్‌లోనైనా ఒకటే. వాటిని తెలుగులో ఒక్క పేజీకి కుదించి, ప్రతి ట్యాంకు దగ్గరా నైట్ షిఫ్ట్ వాళ్లకు కనబడేలా తగిలించాలి. ఏ కస్టమరూ ఈ పేజీ అడగడు, మనమే రాసి పెట్టుకోవాలి.