హడర్స్‌ఫీల్డ్‌లో ఒక రాత్రి, 107 పౌండ్ల 50 పెన్నీలు

ఉత్తర ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్ చూడండి గానీ అక్కడ రూము మాత్రం తీసుకోకండి. లీడ్స్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉండి, పొద్దున రైలెక్కి వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి. మా అక్క కూతురు లీడ్స్‌లో ఉంటుంది. "బాబాయ్, రైల్లో అరగంట కూడా పట్టదు, రాత్రికి ఇంటికొచ్చేద్దాం" అని అది నెత్తీ నోరూ కొట్టుకుంది. మావారు వింటేగా! "ఆయన ఉన్న ఊళ్లో ఒక రాత్రయినా పడుకోవాలి" అన్నారు.

ఆయన అంటే ఆల్బర్ట్ రోజెన్‌ఫెల్డ్, వందేళ్ల కిందట ఈ ఊరి జట్టుకు ఆడిన రగ్బీ లీగ్ ఆటగాడు. మావారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. కబడ్డీ, ఖోఖో నేర్పిన మనిషికి లీడ్స్‌లో టీవీ ముందు కూర్చుని రగ్బీ లీగ్ పిచ్చి పట్టింది. మామూలు రగ్బీలో జట్టుకు 15 మంది, ఇందులో 13 మంది. బంతి పట్టుకుని అవతలి గీత దాటి నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు. రోజెన్‌ఫెల్డ్ 1913-14 సీజన్‌లో 80 ట్రైలు చేశాడు. ఆ రికార్డును ఇంతవరకూ ఎవరూ దాటలేదు. రెండేళ్ల ముందు 78 చేసింది కూడా ఆయనే.

స్టేషన్ బాగుంది. ముందువైపు పెద్ద పెద్ద రాతి స్తంభాలు, రాజుగారి కోటలా ఉంది. బయట చౌకులో ఈ ఊళ్లో పుట్టి ప్రధానమంత్రి అయిన హెరాల్డ్ విల్సన్ విగ్రహం ఉంది. రోజెన్‌ఫెల్డ్ విగ్రహం ఎక్కడుందని మావారు ఇద్దరు ముగ్గుర్ని అడిగారు. ఒకావిడ ఆ పేరే వినలేదంది. మా మనవరాలు వచ్చింది మాత్రం స్టేషన్‌లో ఎలుకలు పట్టడానికి పెట్టుకున్న పిల్లి కోసం. అది కనబడలేదు. ఇక సాయంత్రం దాకా ఆ పిల్ల మొహం మాడ్చుకునే ఉంది.

ఆ చౌకులోనే జార్జ్ హోటల్ ఉంది. 1895 ఆగస్టు 29న ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులవాళ్లు ఇక్కడే కూడి, పాత రగ్బీ సంఘం నుంచి విడిపోయారు. రగ్బీ లీగ్ అలా పుట్టింది. మిల్లుల్లో, గనుల్లో పనిచేసే ఆటగాళ్లు శనివారం ఆటకు వస్తే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టం ఇప్పిస్తామని క్లబ్బులు, డబ్బిస్తే ఆట చెడిపోతుందని పెద్ద సంఘంవాళ్లు. కూలి అవసరం లేనివాళ్లకు ఎన్ని నీతులైనా వస్తాయి! 2005లో ఇక్కడ రగ్బీ లీగ్ మ్యూజియం పెట్టారట. 2013లో హోటల్‌తో పాటు అదీ మూతపడింది. బయట నిలబడి ఫోటో తీసుకోవడమే మాకు మిగిలింది.

ఇప్పుడు మా బస సంగతి. ఏ గెస్ట్‌హౌసో పేరు చెప్పను. నలుగురికి సరిపడే రూము రాత్రికి 84 పౌండ్లు, బ్రేక్‌ఫాస్ట్ కలిపి, స్టేషన్ నుంచి 5 నిమిషాలు అని రాశారు. ఆ 5 నిమిషాలు కారులో అని అక్కడికి పోయాకే తెలిసింది. సూట్‌కేసులు ఈడ్చుకుంటూ ఎత్తు ఎక్కేసరికి నా మోకాళ్లు మొత్తుకున్నాయి. తలుపు దగ్గర మనిషన్నవాడు లేడు, నంబర్లు నొక్కే డబ్బా ఒకటుంది. కోడ్ మెసేజ్‌లో వస్తుందన్నారు, అరగంట దాకా రాలేదు. పైగా వాన. మూడు గంటలకంటే ముందు లోపలికి వెళ్తున్నాం కాబట్టి ఇంకో 15 పౌండ్లు కట్టమని ఫోన్లో ఒకాయన తీరిగ్గా చెప్పాడు. రూము మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. రాత్రి పదింటికి హీటర్ దానంతటదే ఆగిపోయింది. మళ్లీ ఫోన్ చేస్తే, "పొద్దున ఆరింటికి వస్తుంది" అన్నారు. స్వెటర్లు వేసుకునే పడుకున్నాం. పొద్దున బ్రేక్‌ఫాస్ట్ అంటే కార్న్‌ఫ్లేక్స్, బ్రెడ్డు. చిన్నపిల్ల లెక్కలో లేదని దానికి 8 పౌండ్ల 50 పెన్నీలు విడిగా రాశారు. మన డబ్బుల్లో మొత్తం పన్నెండు వేల పైమాటే. అక్క కూతురు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మావారికి ఎక్కువ గుచ్చుకుంది.

మొదటి రోజు సాయంత్రం ఫార్‌టౌన్ వెళ్లాం. బస్సుకు మనిషికి రెండున్నర పౌండ్లు ఇచ్చాం. హడర్స్‌ఫీల్డ్ జట్టు 1992 దాకా ఆడిన మైదానం ఇదే. స్టాండ్లు కొట్టేశారు, గడ్డి మాత్రం ఉంది. చూడ్డానికి ఏముందని అడిగేవాళ్లు వెళ్లకండి. మావారు మాత్రం వానలో పక్కగీత పొడవునా ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. "రోజెన్‌ఫెల్డ్ లాంటి వింగర్, అంటే అంచున ఆడేవాడు, ఆడేది ఇక్కడే. అటు బయటగీత, ఇటు మీదపడే మనుషులు, మధ్యలో సందు. లోపలివాళ్లు చకచకా అందించకపోతే ఎంత పరుగున్నా వాడు చేసేదేం లేదు" అని మాకు పాఠం చెప్పారు. మనవరాలు పరిగెత్తింది, ఆయన పట్టుకోబోయారు, దొరకలేదు. దాంతో దాని అలక తీరింది.

తడిసి ముద్దై బస్టాపు దారిలో ఒక చిన్న పంజాబీ కొట్టులోకి దూరాం. రెండు ఆలూ పరాఠాలు, నాలుగు టీలు కలిపి 11 పౌండ్లు. పిల్ల తడిసిందని ఆ కొట్టావిడ లోపల్నుంచి తువ్వాలు తెచ్చి ఇచ్చింది, అడక్కుండానే ఇంకో పరాఠా వేసింది, దానికి డబ్బు తీసుకోలేదు. ఇంగ్లండ్‌లో ఆ పూట తిన్నంత బాగా ఇంకెక్కడా తినలేదు.

రెండో రోజు యూనివర్సిటీలోని హెరిటేజ్ కీ (Heritage Quay). రగ్బీ లీగ్ పాత రికార్డులు ఇక్కడే దాచారు. టికెట్ లేదు. అక్కడి అమ్మాయి పుస్తకాల కింద దిండ్లు పెట్టి, పెన్నులు తీసుకుని పెన్సిళ్లు ఇచ్చి, ఓపిగ్గా ఒక్కొక్కటే చూపించింది. మావారు మధ్యాహ్నం భోజనం మాటే ఎత్తలేదు. షుగర్ మనిషి, నాకు ఒకటే టెన్షన్.

రోజెన్‌ఫెల్డ్ పుట్టింది 1885లో, సిడ్నీలో. 1908లో ఇంగ్లండ్‌కు వచ్చిన మొదటి ఆస్ట్రేలియా జట్టులో ఉన్నాడు. హడర్స్‌ఫీల్డ్ క్లబ్బులో చేరి, ఈ ఊరి అమ్మాయినే పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఆస్ట్రేలియాలో మైదానం మధ్యలో ఆడేవాణ్ణి ఇక్కడ వింగ్‌కు మార్చారు. మనిషి పొట్టి. హెరాల్డ్ వాగ్‌స్టాఫ్ కెప్టెన్‌గా 1914-15లో ఆ జట్టు నాలుగు కప్పులూ గెలిచింది. చాలెంజ్ కప్ ఫైనల్లో సెయింట్ హెలెన్స్ మీద 37-3. అంత ఊపులో ఉండగా యుద్ధం వచ్చి పోటీలు ఆగాయి. ఈయన సైన్యంలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వయసు ముప్పై దాటింది. తర్వాత వేక్‌ఫీల్డ్‌కు, చివర్లో బ్రాడ్‌ఫర్డ్‌కు ఆడాడు. ఆట మానేశాక ఇదే ఊళ్లో మునిసిపాలిటీ చెత్త బండి నడిపాడు. 1970లో ఇక్కడే పోయాడు. 1988లో రగ్బీ లీగ్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టినప్పుడు మొదటి తొమ్మిది పేర్లలో ఈయనదీ ఉంది.

చెత్త బండి మాట దగ్గర మావారు పెన్సిల్ కింద పెట్టేశారు. జిల్లాకు, రాష్ట్రానికి ఆడి, తర్వాత ఆటోలు నడుపుకుంటున్న తన కబడ్డీ పిల్లల పేర్లు వరుసగా చెప్పడం మొదలుపెట్టారు. పక్క టేబులాయన తలెత్తి చూశాడు.

వెళ్లేవాళ్లు ముందుగా ఈమెయిల్ రాసి టైము తీసుకోండి. ఏం చూడాలో పేర్లతో సహా రాస్తే వెళ్లేసరికి తీసి ఉంచుతారు. ఊరికే వెళ్లి నిలబడితే పని కాదు. గెస్ట్‌హౌస్‌వాళ్ల మీద బుకింగ్ సైట్‌లో ఫిర్యాదు పెట్టాం. వారం తిరక్కుండా 15 పౌండ్లు వెనక్కి వచ్చాయి. పిల్ల బ్రేక్‌ఫాస్ట్ డబ్బులు ఇంకా రాలేదు, అక్క కూతురు రోజూ మెసేజ్ పెడుతూనే ఉంది.