ఆల్బెరిక్ బార్బియే మీగడ రంగు తీగ గులాబీ: ఐదేళ్ళు పెంచాక రాస్తున్నా

ఏడాదికి ఒక్కసారే పూసే మొక్కకి ఐదుకి నాలుగున్నర ఎలా ఇస్తావని మా ఇంట్లోవాళ్ళే అడిగారు. చూసి, ఆలోచించే ఇస్తున్నాను. కొనేముందు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటిలో రెండు నాకు తెలియక రెండేళ్ళ పూలు పోయాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఈ రకం వయసు నూట పాతికేళ్ళు. ఫ్రాన్సులోని ఓర్లేయాన్‌లో బార్బియే కుటుంబం నర్సరీ నుంచి 1900లో వచ్చింది. నేల మీద పాకే ఒక తూర్పు ఆసియా అడవి గులాబీని (విచురాయానా అని పిలిచేవాళ్ళు, ఇప్పుడు రోజా లూసియే అంటున్నారు) షిర్లీ హిబర్డ్ అనే టీ గులాబీతో (తోట గులాబీల్లో అదొక పాత తరగతి) కలిపి చేశారు. ఈ పుట్టుక గురించి ఎందుకు చెప్తున్నానంటే మొక్క గుణాలన్నీ అక్కడి నుంచే వచ్చాయి. సన్నగా, పొడుగ్గా, ఎటు వంచితే అటు వంగే కొమ్మలూ, నూనె రాసినట్టు మెరిసే చిన్న ముదురు ఆకులూ ఆ అడవి గులాబీవి. మొగ్గ తీరు, పూవు నిండుదనం టీ గులాబీవి.

ఇక రంగు. మీగడ రంగు అని చదివి ఒకే రంగు ఊహించుకోకండి. మొగ్గ చక్కటి లేత పసుపు, కొనదేలి ఉంటుంది. విచ్చిన రోజు చుట్టూ మీగడ రంగు, మధ్యలో ఆ పసుపు ఇంకా కొంచెం మిగిలి ఉంటుంది. రెండు మూడు రోజులకి దాదాపు తెలుపు. ఇవన్నీ ఒకే గుత్తిలో పక్కపక్కనే కనిపిస్తాయి, నాకు ఈ మొక్క మీద ప్రేమ పుట్టింది అక్కడే. రేకుల్లోని పసుపు కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్ల వస్తుంది, పూవు విచ్చేకొద్దీ, ఎండ తగిలేకొద్దీ అది తగ్గిపోతుంది. అందుకని మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా కొట్టే గోడ కన్నా పొద్దున ఎండ వచ్చి తర్వాత నీడ పడే గోడ దీనికి మంచిది. చాలా గులాబీలు అలాంటి చోట అలిగి కూచుంటాయి, ఇది సర్దుకుపోతుంది. వాసన గట్టిగా ఉండదు, పచ్చి యాపిల్ కోసినప్పుడు వచ్చే లాంటి వాసన, సాయంత్రం దగ్గరికెళ్ళి నిలబడితే బాగా తెలుస్తుంది.

నేను మొదట తెప్పించిన మొక్క రెండో ఏడు ముదురు ఎరుపు పూలు పూసింది. ఎంత బాధపడ్డానో చెప్పలేను. చీటీ మీద పేరు సరిగ్గానే ఉంది, మరి ఏం జరిగిందా అని అడుగున మట్టి తీసి చూస్తే అంటు కట్టిన భాగం ఎండిపోయి ఉంది, పెరిగినవన్నీ దాని కింద నుంచి వచ్చిన పిలకలు. ఆ ఎరుపు పూలు డాక్టర్ హ్యూయీ అనే రకానివట, అంటు కట్టడానికి అడుగు మొక్కగా దాన్ని చాలా వాడతారు. మొక్కని అమ్మినవాళ్ళు డబ్బు వెనక్కిచ్చారు గానీ పోయిన రెండేళ్ళు రావు కదా. అప్పటి నుంచి రెండు జాగ్రత్తలు తీసుకుంటున్నా. దొరికితే సొంత వేళ్ళ మీద పెరిగిన మొక్కే తీసుకోవడం ఒకటి, ఈ రకం కొమ్మ నుంచే వేళ్ళు తేలిగ్గా వస్తాయి కాబట్టి అంటు మొక్క కోసం వెతకక్కర్లేదు. అంటుదే అయితే ఆకులు వేరే తీరులో ఉన్న పిలక కనిపించగానే మట్టి తవ్వి, అది వేరు దగ్గర ఎక్కడ మొదలైందో అక్కడ పట్టి పీకేయడం. పైపైన కత్తిరిస్తే మళ్ళీ నాలుగు వస్తాయి.

రెండో మొక్క అసలైనదే వచ్చింది. మొదటి ఏడాది పెద్దగా ఏమీ చేయదు, టెన్షన్ పడకండి, వేళ్ళు పట్టుకుంటోంది అంతే. మూడో ఏటికి కొమ్మలు ఎంత దూరం వెళ్ళాయో చూసి భయమేసింది. ఐదారు మీటర్లు పెరుగుతుందని అందరూ రాసేది నిజం, ఇంకా పైకి కూడా పోతుంది. చిన్న కుండీలో, వరండా స్తంభానికి పెంచుదామనుకుంటే దయచేసి ఇది కొనకండి. పొడుగాటి గోడో, గట్టి పందిరో, పాత షెడ్డు పైకప్పో ఉండాలి.

గులాబీకి నులితీగలు ఉండవు, దేన్నీ చుట్టుకోదు, మనమే కట్టాలి. గోడకి అడ్డంగా ఇనుప తీగలు ముందే బిగించి పెట్టుకోండి, ఒకదానికొకటి ముప్పై నలభై సెంటీమీటర్ల ఎడం, గోడకీ తీగకీ మధ్య చెయ్యి దూరేంత ఖాళీ. గాలి ఆడకపోతే బూడిద తెగులు వస్తుంది, నాకు గోడకి మరీ ఆనించి కట్టిన వైపే వచ్చింది, ఇవతల వైపు రాలేదు. మొక్కని కూడా గోడ మొదట్లో పెట్టొద్దు, అక్కడ వాన పడినా మట్టి తడవదు. అర మీటరు ఇవతల పాదు చేసి, మొక్కని గోడ వైపు వాల్చి నాటాను.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది. కొమ్మలు నిలువుగా పైకి పోనిస్తే పూలన్నీ పైన చివర్లోనే పూస్తాయి, కింద నిలబడి మెడ ఎత్తి చూడాలి. కొమ్మ చివరి చిగురు తన కింద ఉన్న కణుపులను లేవనివ్వదు. అదే కొమ్మని పక్కకి వంచి అడ్డంగా కడితే ఆ పట్టు సడలి, కణుపు కణుపునా ఒక చిన్న రెమ్మ లేస్తుంది, ప్రతి రెమ్మకీ పూల గుత్తి. నేను కొమ్మలు లేతగా ఉన్నప్పుడే విసనకర్ర పరిచినట్టు రెండు వైపులా వంచి, పాత బట్ట పేలికలతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాను. ముదిరాక వంచితే విరుగుతాయి. చేతికి తోలు గ్లవ్స్ వేసుకోండి, ముళ్ళు మరీ దట్టంగా లేకపోయినా వెనక్కి వంకర తిరిగి ఉంటాయి, చొక్కా పట్టుకున్నాయంటే వదలవు.

కత్తిరింపు దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయకండి. మామూలు పొద గులాబీలకి చేసినట్టే చలికాలం చివర్లో దీన్ని కూడా సగానికి కొట్టేశాను. మొక్క పచ్చగా, ఏపుగా పెరిగింది, ఆ ఏడాది పూసినవి పట్టుమని పది పూలు కూడా లేవు. ఎందుకంటే ఈ రకం పోయిన ఏడాది పెరిగిన కొమ్మల మీద పూస్తుంది, ఆ కొమ్మల్నే నేను తీసిపారేశాను. కత్తెర పట్టాల్సింది పూత అయిపోయిన వెంటనే. పూసి ముదిరిపోయిన పాత కొమ్మల్లో ఒకటో రెండో మొదలుకంటా తీసేసి, వాటి చోటులో కొత్తవి కట్టుకోవాలి. చలికాలంలో ఎండినవీ, విరిగినవీ తప్ప ఇంకేమీ ముట్టుకోను.

పూత మూడు నాలుగు వారాలు. వసంతం చివర మొదలై వేసవి మొదట్లో ముగుస్తుంది. ఆ రోజుల్లో గోడ కనిపించదు, ఆకు కూడా సరిగా కనిపించదు. తర్వాత ఎప్పుడో ఒకటీ అరా పూలు తప్ప పెద్దగా ఉండవు. ఏడాదంతా విడతలు విడతలుగా పూసే మీగడ రంగు తీగ కావాలంటే క్లెయిర్ ఆస్టిన్ అనే రకం (2007లో వచ్చింది) చూడండి, ఇంత పొడవు పెరగదు కాబట్టి చిన్న గోడకి కూడా సరిపోతుంది. నాకైతే పూలు లేని నెలల్లో కూడా చూడాలనిపించే గులాబీ ఇదొక్కటే కనిపించింది, ఆకు ఆ మెరుపుతో చలికాలంలో కూడా చాలావరకు నిలిచే ఉంటుంది.

అర మార్కు తగ్గించింది వాడిన పూల వల్ల. లేత రంగు కదా, చిన్న వాన పడ్డా రేకుల మీద గోధుమ రంగు మచ్చలు తేలతాయి, వాడిన పూలు ఎండిపోయి కొమ్మనే వేలాడుతుంటాయి, అంత ఎత్తున అన్నీ కోయలేం. పూత చివరి పది రోజులు మొక్క నలిగినట్టు కనిపిస్తుంది. తామర పురుగులు గోకిన గీతలు కూడా లేత రేకుల మీద ముందు తెలుస్తాయి. పేనుబంక లేత చిగుళ్ళకి పడుతుంది, నేను నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టి వదిలేస్తాను, మందులు చల్లను. నల్లమచ్చ తెగులు మాత్రం నా పాత పొద గులాబీలతో పోలిస్తే చాలా తక్కువ.

పోయిన ఏడాది ఒక కొమ్మ కట్టు తెగి నేల మీద పడిపోయింది, నేను చూసుకోలేదు. మొన్న ఎత్తబోతే మట్టికి ఆనిన కణుపు దగ్గర వేళ్ళు దిగిపోయి ఉన్నాయి. దాన్ని కోసి వేరు చేసి కుండీలో పెట్టాను, కొత్త చిగురు వేసింది. ఒక్కసారే పూస్తుందా అని పెదవి విరిచిన పక్కింటి పిన్నిగారే, ఈసారి పూత చూశాక, ఆ కుండీ తనకే ఇవ్వమని ముందే మాట తీసుకున్నారు.