అరకు కాఫీ కోసం అరకు వెళ్తే రూంలో ఇన్‌స్టంట్ సాచెట్

డిసెంబర్‌లో నేను, మా ఆవిడ, మా అత్తయ్యగారు వైజాగ్ నుంచి అరకు వెళ్లొచ్చాం, రెండు రాత్రులు. ప్లాన్ అంతా అత్తయ్యగారిదే. పొద్దున్నే ఫిల్టర్ కాఫీ పడకపోతే ఆవిడ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడరు, అలాంటి మనిషికి ప్యారిస్‌లో మన అరకు కాఫీ షాపు పెట్టారని (2017లో పెట్టారు) ఎవరో చెప్పారు, అంతే, ఇక అక్కడికే వెళ్లి తాగాలని పట్టు.

వెళ్లేటప్పుడు ట్రైన్, వచ్చేటప్పుడు కారు. నన్నడిగితే ఇదే కరెక్ట్. అద్దాల బోగీ, అదే విస్టాడోమ్, టికెట్లు ముందే బుక్ చేసుకోండి, తర్వాత దొరకవు. 50కి పైగా సొరంగాలు, ప్రతి సొరంగంలో పిల్లల కేకలు, మొదటి పది సరదా, తర్వాత తలనొప్పి. శిమిలిగూడ దాటాక చలి మొదలైంది, అత్తయ్యగారు శాలువా తీశారు.

మొదటి రాత్రి ఒక రిసార్ట్‌లో దిగాం, పేరు అనవసరం. 4,500 తీసుకున్నారు, రూం పెద్దదే, గీజర్ మాత్రం గంట సతాయించింది. అసలు దెబ్బ పొద్దున పడింది, టేబుల్ మీద కెటిల్, పక్కన ఇన్‌స్టంట్ కాఫీ సాచెట్లు, పాల పొడి. కిటికీ తీస్తే ఎదురుగా కాఫీ తోట! రిసెప్షన్‌లో అడిగితే "గెస్టులు ఇదే ఇష్టపడతారు సార్" అన్నాడు. అత్తయ్యగారు ఆ సాచెట్‌ని చూసిన చూపు నేను మర్చిపోలేను.

రెండో రాత్రి మకాం మార్చాం. టౌన్‌కి కొంచెం దూరంలో ఒక ఊళ్లో వాళ్ల ఇంటి పక్కనే రెండు గదులు వేసి అద్దెకిస్తున్నారు, 1,500, వేడినీళ్లు కట్టెల పొయ్యి మీద కాచి బకెట్లో ఇస్తారు, బాత్రూం బయట. రాత్రికి రాగి సంకటి, నాటుకోడి. మళ్లీ వెళ్తే నేరుగా ఇక్కడికే. ఆ ఇంటావిడ మమ్మల్ని తోటలోకి తీసుకెళ్లింది. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి ఎగబాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు, అంటే ఒకే నేల మీద రెండు పంటలు. ఒక కొమ్మ వంచి చూపించింది, అదే గుత్తిలో పచ్చవి, పసుపువి, ఎర్రవి కలిసి ఉన్నాయి. "ఎర్రవే కొయ్యాలి బాబూ, పచ్చది కలిస్తే రేటు కోసేస్తారు" అంది. అంటే ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు తిరగాలి. కోసినవి బకెట్లో నీళ్లల్లో పోస్తే తేలినవి తీసి పక్కన పడేసింది, అవి తాలువట. ఒక ఎర్ర పండు చిదిమి నోట్లో వేసుకుంటే తియ్యగా జిగురుగా ఉంది, కాఫీ వాసనే లేదు.

ఆ తర్వాత అందరికీ టీ ఇచ్చింది. కాఫీ తాగరా అంటే "అది అమ్ముకోడానికే" అని నవ్వింది.

అరకు వ్యాలీ అరబికాకి (అరబికా అంటే ఒక కాఫీ రకం) 2019లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సరుకుకే ఆ పేరు అని చెప్పే గుర్తింపు, వచ్చింది, కూర్గ్, చిక్‌మగళూరు, వయనాడ్, బాబాబుడన్‌గిరి కాఫీలతో పాటే, అప్లై చేసింది కాఫీ బోర్డు. దాదాపు 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తులో ఇటు మన కొండల్లో, పక్కనే ఒడిశా వైపు పండే అరబికాకే ఆ పేరు వర్తిస్తుంది. కానీ ట్యాగ్ అనేది కంచె లాంటిది, పేరుని వేరేవాళ్లు ఎత్తుకుపోకుండా ఆపుతుంది గానీ రైతు చేతిలో డబ్బు పెట్టదు. డబ్బు వచ్చేది ఆ ఎర్ర పండుకి వేరే రేటు కట్టి కొనేవాడు ఉంటేనే. ఇక్కడ గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కొంటుంది, నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు రైతులతో పనిచేసి అరకు బ్రాండ్‌ని బయటికి తీసుకెళ్లారు. ఇంతకుముందు షావుకారు ఎంతంటే అంతకి ఇచ్చేసేవాళ్లం అని ఇంటావిడ అంది.

టౌన్‌లో మాత్రం కథ వేరు. రోడ్డు పక్క ప్రతి షాపులో "ఒరిజినల్ అరకు కాఫీ" బోర్డే. ఒక ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) 40 శాతం, ఇంకోదాని మీద ఎక్కడ పండిందో కూడా లేదు. కాబట్టి కొనేవాళ్లు ముందు వెనక వైపు చదవండి, లేదంటే జీసీసీ స్టాల్‌కి వెళ్లండి. కాఫీ మ్యూజియంలో కాఫీ బాగుంది, చాక్లెట్లు యావరేజ్. బొంగులో చికెన్ రోడ్డు మీద తిన్నాం, కారం తప్ప ఏమీ తెలియలేదు. బొర్రా గుహలు బాగున్నాయి, మెట్లు చూసి అత్తయ్యగారు పైనే ఆగిపోయారు.

వైజాగ్ వచ్చాక మర్నాడు ఏటికొప్పాక కూడా వేసుకున్నాం, వరాహ నది ఒడ్డున లక్క బొమ్మల ఊరు, 2017 నుంచి దీనికీ జీఐ ఉంది. ఉండటానికి మాకు ఏమీ కనపడలేదు, పూట ట్రిప్ చాలు. కానీ పేరు, పని రెండూ ఒకే గుమ్మంలో కనిపించింది ఇక్కడే. ఒకాయన అంకుడు కర్ర ముక్కని లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడికే కరిగి రంగు పట్టుకుంది, చూస్తుండగానే బొంగరం అయింది, 60 రూపాయలు ఆయన చేతికే ఇచ్చాం. అరకులో ఆ ఇంటావిడ పేరు మీద ప్యాకెట్ ఉంటే ఎంతైనా పెట్టి కొనేవాణ్ణి, లేదు.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు చికోరీ లేని అరకు పొడితో డికాక్షన్ దించారు. ఒక గుక్క తాగి, "ఏంటయ్యా అల్లుడూ, నీళ్లలా ఉంది" అన్నారు. ఇప్పుడు మా డబ్బాలో సగం అరకు, సగం ఆవిడ పాత చికోరీ పొడి.