వీఎంలకు స్టోరేజీ కొంటున్నారా? డిస్కు మోడల్ నంబర్ రాసివ్వందే ఆర్డర్ పెట్టకండి

పెద్ద డేటా ఉన్న వర్చువల్ మెషీన్లకు (వీఎంలు, అంటే ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేర్వేరు కంప్యూటర్లు) స్టోరేజీ కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే ముందుకెళ్లండి. మా ఆఫీసులో ఇలా కొన్న డిస్కుల మీదే ఇప్పటికీ గొడవ నడుస్తోంది.

కొటేషన్‌లో ఉన్నది ఇంతే: "8 టెరాబైట్ల డిస్కులు, వర్చువలైజేషన్‌కు అనువైనవి." మోడల్ నంబర్ అడిగితే సరుకుతో పాటు వస్తుందన్నారు. బిగించినవాళ్లు మా ముందే ఓ పెద్ద ఫైలు కాపీ చేసి చూపించారు. స్పీడు బాగానే వచ్చింది. అసలు డేటాబేస్ వీఎంని దాని మీదకి ఎక్కించడం మొదలుపెట్టాక తెలిసింది సంగతి. కాసేపు బాగా నడిచి, ఉన్నట్టుండి కూలబడింది. సెకనుకు 150 మెగాబైట్ల దాకా రాసిన డిస్కు 10 కూడా దాటలేదు. అదే అరేలో (కలిపి వాడే డిస్కుల గుంపులో) ఉన్న మెయిల్ వీఎం కూడా బిగుసుకుపోయింది. డిస్కు నుంచి జవాబు రాక, లోపలి లినక్స్ తన ఫైల్‌సిస్టమ్‌ను రీడ్-ఓన్లీకి (చదవడమే తప్ప రాయడం కుదరని స్థితికి) మార్చేసుకుంది.

లాగులు తవ్వితే అవి ఎస్‌ఎంఆర్ (షింగిల్డ్ మాగ్నెటిక్ రికార్డింగ్) డిస్కులని తేలింది. వీటిలో ట్రాకులు, అంటే డేటా రాసే వరసలు, ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక చిన్న బ్లాకు మార్చాలన్నా, ఆ ట్రాకుల గుంపులో (బ్యాండ్‌లో) దాని తర్వాతివన్నీ మళ్లీ రాయాల్సిందే. ఆ జాప్యం కనబడకుండా డిస్కు ముందు ఒక చిన్న కాష్ (తాత్కాలిక) భాగంలో రాసుకుని, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటుంది. బ్యాకప్ పెట్టుకోవడానికి ఇది చాలు. పది వీఎంలు ఒకేసారి తలోచోట 4 కిలోబైట్ల ముక్కలు రాస్తుంటే ఆ సర్దుకునే ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? డెమోలో కాపీ చేసిన ఫైలు ఆ కాష్ దాటకముందే అయిపోయింది, అంతే.

ఇంతకన్నా భయపెట్టేది రెయిడ్ రీబిల్డ్, అంటే అరేలో ఒక డిస్కు పోతే దాని డేటాను కొత్తదాని మీద తిరిగి కట్టడం. ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కని మామూలు సీఎంఆర్ డిస్కు 8 టెరాబైట్లను ఆగకుండా సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున రాసినా సుమారు 15 గంటలు పడుతుంది. ఎస్‌ఎంఆర్ అయితే అది రోజుల్లోకి పోవచ్చు. మధ్యలో డిస్కు సమయానికి పలక్కపోతే, అది పోయిందనుకుని, డిస్కులను నడిపే కంట్రోలర్ అరే నుంచి బయటికి నెట్టేయవచ్చు. ఒక్క డిస్కు పోతేనే తట్టుకునే రెయిడ్ 5లో అప్పటికే ఒకటి పోయి ఉంటుంది కాబట్టి రెండోది పోతే డేటా పోయినట్టే.

అమ్మినవాళ్ల జవాబేమిటంటే, "డిస్కులో లోపం లేదు, హెల్త్ రిపోర్టు బాగుంది, రిటర్న్ కుదరదు." 2020లో ఇదే విషయం మీద పెద్ద దుమారం రేగి, డిస్కు తయారీ కంపెనీలే ఏ మోడల్ ఎస్‌ఎంఆరో జాబితాలు బయటపెట్టాల్సి వచ్చింది. అమ్మేవాళ్లకు తెలియదంటే నేను నమ్మను.

మోడల్ నంబర్ చేతిలో ఉంటే తయారీదారు డేటాషీట్‌లో చూసుకోవచ్చు. ఇప్పటికే డిస్కులు వచ్చేసి ఉంటే లినక్స్‌లో డిస్కు వివరాలు చూపే హెచ్‌డీపార్మ్ (hdparm) కమాండ్ నడిపి చూడండి. తిరిగే హార్డ్‌డిస్కు ట్రిమ్ (అక్కర్లేని బ్లాకులేవో డిస్కుకు చెప్పే కమాండ్) సపోర్ట్ ఉందని చెబితే ఎస్‌ఎంఆర్ అని గట్టిగా అనుమానించాల్సిందే.

ఎస్‌ఎస్‌డీలైతే టెన్షన్ ఉండదనుకోకండి. ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు దాచే చవక క్యూఎల్‌సీ రకాలదీ ఇదే తీరు: ఎస్‌ఎల్‌సీ కాష్ (సెల్‌కు ఒక్క బిట్టే రాసే వేగమైన భాగం) నిండేదాకా మెరుపు, ఆ తర్వాత నత్తనడక. డేటాబేస్ వీఎంలకైతే పవర్ లాస్ ప్రొటెక్షన్ (కరెంటు పోయినా రాస్తున్న డేటాను కాపాడే ఏర్పాటు) ఉన్నవే అడగండి. అన్నట్టు, థిన్ ప్రొవిజనింగ్‌ని (నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువ స్థలం వీఎంలకు చూపించడాన్ని) "అదనపు స్థలం" అని చెప్పి అంటగట్టబోతే ఒప్పుకోకండి. కాగితం మీద ఎంత పంచినా, కింద అసలు డిస్కు నిండిన రోజున దాని మీదున్న వీఎంలు వరసగా ఆగిపోతాయి.

పర్చేజ్ ఆర్డర్‌లో ఈ షరతు రాయించండి: స్టోరేజీని 80 శాతం నింపాక, ఫియో (fio) అనే టెస్టు టూల్‌తో 4 కిలోబైట్ల ర్యాండమ్ రైట్ (తలోచోట రాసే) టెస్టు, డైరెక్ట్ మోడ్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కాష్ వాడకుండా), కనీసం గంటసేపు నడపాలి. చివరి పది నిమిషాల్లో వచ్చిన అంకె ఒప్పుకున్న స్థాయిలో ఉంటేనే బిల్లు చెల్లింపు. ఈ షరతుకు అమ్మేవాళ్లు సణిగితే ఇంకొకరి దగ్గర కొటేషన్ తీసుకోండి.