ఆర్‌టీఎక్స్ 3060తో మూడున్నరేళ్లు: రెండుసార్లు అమ్మేద్దామనుకున్నాను

2022 ఏప్రిల్ ఆఖర్లో పీసీ కట్టించుకున్నాను. రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. ఈ మూడున్నరేళ్లలో రెండుసార్లు కార్డు మీద విసుగొచ్చి అమ్మకానికి పెడదామని ఫొటోలు కూడా తీశాను. రెండుసార్లూ తప్పు దానిది కాదు.

మొదటిది కొన్న ఏడాదే. సైబర్‌పంక్ 2077 ఆటలో జనం ఉన్న వీధిలోకి వెళ్తే చాలు, ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) 45కి పడిపోయేవి. మధ్యమధ్యలో ఆట ఎక్కిళ్లు పెట్టేది. ఇదే కార్డుతో యూట్యూబ్‌లో ఎవరో హాయిగా ఆడుతుంటే ఒళ్లు మండేది. సెట్టింగులు ‘హై’ నుంచి ‘లో’కి దించినా ఫ్రేములు పెద్దగా పెరగలేదు. అసలు గుట్టు అక్కడే ఉంది, నాకే వెలగలేదు. కార్డుకు శక్తి చాలకపోతే, పని తగ్గించగానే ఫ్రేములు పెరగాలి కదా! కార్డును గమనించి సర్దుకునే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌తో తెర మూలన అంకెలు పెట్టుకుని ఆడితే, కార్డు వాడకం 60 శాతం దగ్గరే ఆగిపోయింది. అంటే ప్రాసెసర్ పని అందించేదాకా కార్డు ఖాళీగా కూర్చుంటోంది.

ఇది తెలిశాక కూడా తెలివిగా ఏమీ చేయలేదు. సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్లు తుడిచేసే టూల్‌తో డ్రైవర్ పీకేసి మళ్లీ వేశాను. విండోస్ కొత్తగా ఎక్కించాను. ఆదివారం మొత్తం పోయింది, ఒక్క ఫ్రేము పెరగలేదు. చివరికి టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే వేగం 2400 అని ఉంది, నాలుగు స్లాట్లలో ఒక్కటే నిండి ఉంది. నేను డబ్బు పెట్టి కొన్నది 3200 ర్యామ్. బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే సెట్టింగు, ఆన్ చేయకపోతే అది ఆ వేగం అందుకోదు. పైగా ‘ఇంకోటి తర్వాత వేసుకోవచ్చులే’ అని 16 జీబీ స్టిక్ ఒక్కటే తీసుకున్నాను. ఒక్క స్టిక్ ఉంటే మెమరీకి 64 బిట్ల దారే, రెండుంటే 128. దారి ఇరుకైతే ప్రాసెసర్ డేటా కోసం ఆగుతుంది. అదే మోడల్ రెండో స్టిక్ తెచ్చి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో దాంట్లో ఒకటి పెట్టి, ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాను. అదే వీధిలో ఫ్రేములు 65 దాటాయి. ఎక్కిళ్లు దాదాపు పోయాయి.

ఒక మాట. వాడకం తక్కువ చూపించిన ప్రతిసారీ కంగారు పడక్కర్లేదు. తేలికైన ఆట వాలరెంట్‌లో నా కార్డు 40 శాతమే పని చేస్తుంది, ఫ్రేములు మాత్రం 200 పైనే. ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే వీ-సింక్‌తో 60కి ఆపినా అంతే.

రెండోసారి 2025 వేసవిలో. మాది విజయవాడ, పై అంతస్తు గది, రోహిణి కార్తె. మొదటి ఇరవై నిమిషాలు ఆట బాగానే నడిచి, తర్వాత నీరసపడేది. ఈసారి వాడకం 98 శాతం ఉంది కానీ, 1900 మెగాహెర్ట్జ్ ఉండాల్సిన క్లాక్ (కార్డు పని చేసే వేగం) 1600 కిందికి జారింది. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్‌లో వేడి 84 డిగ్రీలు, హాట్ స్పాట్ (చిప్పులో అన్నిటికంటే వేడి చోటు) 104. పనితీరుకు అడ్డేమిటో చూపించే గడిలో ‘థర్మల్’ అని పడింది, అంటే వేడెక్కి కార్డు తనే వేగం తగ్గించుకుంటోంది. క్యాబినెట్ పక్క తలుపు తీసి ఆడితే ఏడు డిగ్రీలు తగ్గింది. అంటే గాలి ఆడట్లేదన్నమాట. క్యాబినెట్ ముందువైపు జాలీ విప్పితే దుమ్ము దుప్పటిలా ఊడి వచ్చింది. బ్లోయర్ కొట్టేటప్పుడు కార్డు ఫ్యాన్లను వేలితో ఆపి పట్టుకున్నాను, గాలికి అడ్డగోలుగా తిరిగితే పాడవుతాయి.

అయినా ఆట ఆడితే 79 దగ్గరే ఉండిపోయింది. మూడేళ్ల వారంటీ ముగిసి నెల కూడా కాలేదు కాబట్టి, స్క్రూ మీది స్టిక్కర్ చింపడానికి చేతులు వణకలేదు. చిప్పు వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే పాత పేస్ట్ ఎండి బెరడు కట్టింది. తుడిచి కొత్తది రాశాను. మెమరీ చిప్పుల మీది ప్యాడ్లను మాత్రం కదిలించలేదు, వేరే మందంవి వేస్తే చిప్పుకు హీట్‌సింక్ సరిగ్గా తగలదు. తర్వాత ఆఫ్టర్‌బర్నర్‌లో 850 మిల్లీవోల్టుల దగ్గర 1800 మెగాహెర్ట్జ్‌కి కట్టేశాను, అంటే తక్కువ వోల్టేజీతో నడిచేలా. వేడి 68 డిగ్రీలు, కరెంటు 170 వాట్ల నుంచి 130 చిల్లరకు దిగింది. పోయింది రెండు మూడు ఫ్రేములు. ఈ ఒక్క పని మొదటి వేసవిలోనే చేసుండాల్సింది.

మధ్యలో మా అక్క కొడుకు ఫోన్. “మామయ్యా, నాకు పాడైపోయిన కార్డు అంటగట్టారు.” వెళ్లి చూస్తే మానిటర్ కేబుల్ కార్డుకు కాదు, మదర్‌బోర్డుకు పెట్టాడు. వాడి ఐ5-12400 ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంది కాబట్టి బొమ్మ వచ్చేస్తోంది. కేబుల్ మార్చి, టీ తాగి వచ్చాను.

నా కార్డు సంగతికొస్తే, 1080పీ తెరకు ఇప్పటికీ చాలు. 12 జీబీ ఉండటం వల్ల టెక్స్చర్లు పైస్థాయిలో పెట్టినా టెన్షన్ లేదు. తక్కువ రిజల్యూషన్ బొమ్మను ఏఐతో పెంచి చూపించే డీఎల్ఎస్ఎస్, క్వాలిటీ మోడ్‌లో బాగుంటుంది, 40 సిరీస్ కార్డులతో వచ్చిన డీఎల్ఎస్ఎస్ ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు పుట్టించడం) మాత్రం దీనికి లేదు. వెలుగునీడలను నిజంలా చూపించే రే ట్రేసింగ్ పేరుకే. రెండు నెలలుగా ఇంకా స్పష్టమైన ఒక 1440పీ మానిటర్ నా కార్ట్‌లో పడి ఉంది. అది కొంటే కార్డు కూడా మార్చాలని తెలుసు, అందుకే బటన్ నొక్కట్లేదు.